ఉత్తరారణ్యమున సరస్సు చెంత
(విద్యార్థి సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



అమెరికా చూచి వచ్చితిరి గదా, అక్కడి వింతలను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని మీ ప్రధానోపాధ్యాయులు మమ్ము కోరిరి. అక్కడి మేడలను గూర్చియు, యంత్రములను గూర్చియు మాకంటె మీకే ఎక్కువ తెలియును. కావున దీపమైనను లేని యొక చోటును గూర్చి చెప్పదలచితిమి.

2024 జూలై నెలలో మా అమ్మాయియు అల్లుడును, పిల్లలతో కూడ మమ్ము మిషిగన్ రాష్ట్రపు ఉత్తరభాగమునకు తీసికొనిపోయిరి. డెట్రాయిట్ నగరమునకు సుమారు 200 మైళ్ల దూరమున గ్రేలింగ్ అను చిన్న పట్టణము కలదు. దానికి సమీపమున, రాష్ట్రప్రభుత్వపు అడవిలో, ఒక సరస్సు గట్టున గుడారములు వేసికొని మూడు రాత్రులు గడపితిమి.

ఇట్టి విడుదులను అక్కడివారు ‘రస్టిక్’ విడుదులందురు. మోటు విడిది యని మనము చెప్పుకొనవచ్చును. చెట్ల నడుమ ఒక మట్టిబాట. బాటవెంట అంకెలు వేసిన కొయ్యగుంజలు. ఒక్కొక్క గుంజకడ ఒక కుటుంబమునకు చాలినంత చదునునేల, కూర్చుండు బల్లలతో కలిపి చేసిన ఒక మేజా, నిప్పు వేసికొనుటకు ఇనుపకట్టు. నీళ్లకు బోరింగు పంపు. మరుగుదొడ్డి గుంటమీద కట్టినది. విద్యుత్తు లేదు, స్నానపు గది లేదు. గుమ్మముకడ కూర్చుండి రుసుము వసూలుచేయువాడును లేడు. ముందుగా వచ్చినవారు తమకు నచ్చిన చోటు చూచుకొని, రుసుము తామే చెల్లించి, ఆ చీటీని గుంజకు తగిలించుకొందురు. ఎవరైనను చెల్లింపక పోవచ్చును గదా యని మేము అడిగితిమి. అప్పుడప్పుడు అధికారులు వచ్చి చూతురట. అయినను చూడక పూర్వమే అందఱి గుంజలకును చీటీలు వ్రేలాడుచుండుట మేము కన్నులార చూచితిమి.

బోరింగు కొట్టుటలో మా మనుమలకంటె మేమే ప్రవీణులమని అచ్చట తేలినది. మా చిన్నతనమున వీధి పంపుకడ నేర్చిన విద్య ఏడుసముద్రముల ఆవల అక్కఱకు వచ్చునని ఎవరనుకొందురు! వారు రెండు చేతులతో వ్రేలాడి అరబిందె నింపులోపల మేము రెండు బిందెలు నింపితిమి. మేము తీసికొనిపోయిన పులిహోరను, ఆవకాయను రాత్రివేళ గుడారములో నుంచరాదని అల్లుడు చెప్పెను. ఆ అడవిలో నల్ల ఎలుగుబంట్లు గలవు. వాసన పట్టి వచ్చునట. తినుబండారములన్నియు కారులో పెట్టి తాళము వేయవలసినదే.

జూలై నెలలో అచ్చట సూర్యాస్తమయమగునప్పటికి రాత్రి 9 గంటలు దాటును. చీకటిపడిన పిమ్మట సరస్సుమీద లూన్ అను నీటిపక్షి కూయును. ఎవరో ఏడ్చుచున్నారని తలచి మేము లేచి కూర్చుంటిమి. ఆ రాష్ట్రమున ఇట్టి సరస్సులు 11,000కు పైగా గలవని లెక్క. వేలయేండ్లకు పూర్వము ఆ నేలనంతయు కప్పియున్న మంచు వెనుకకు తగ్గినపుడు పెద్ద పెద్ద మంచుగడ్డలు మట్టిలో చిక్కి నిలిచెను. అవి కరగగా ఏర్పడిన గుంటలే వీనిలో పెక్కు. మీరు విహారయాత్రకు పోయి చూచిన చిలికావలె ఇది ఉప్పు కలసిన నీరు కాదు, తేటయైన మంచినీరు.

రెండవనాటి ఉదయమున అడవిలో నడచుచుండగా ఒక సంగతి మా కంటబడెను. ఒకచోట పైను చెట్లన్నియు వరుసలు తీర్చి యున్నవి. నారు నాటిన మడివలె నున్నది. అడవి తనంత తాను పెరిగినచో వరుసలెక్కడివి?

అది మనుష్యులు నాటిన అడవి. ఆ నేల పూర్వము అనిషినాబే అను ఆదిమప్రజలది. 1836లో జరిగిన ఒడంబడికచే అందు విస్తారమైన భాగము అమెరికా ప్రభుత్వపరమాయెను. వేటాడుటకును చేపలు పట్టుటకును అందు ఆ తెగలు నిలుపుకొనిన హక్కులను రాష్ట్రప్రభుత్వము 2007లోగాని ఒప్పందముపై అంగీకరింపలేదు. ఈలోపల కలపవర్తకులు వచ్చిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున ఆ దేశమున కలప యుత్పత్తిలో మిషిగన్ రాష్ట్రమే ప్రథమస్థానమున నుండెను. శీతకాలమున తెల్ల పైను వృక్షములను నరికి, మంచుమీద లాగి, వసంతకాలపు వరదనీటిలో మిల్లులకు తేల్చెడివారు. కొమ్మలును తుక్కును నేలమీదనే విడిచిరి. అవి ఎండి నిప్పునకు ఎరయయ్యెను. 1871 అక్టోబరు 8వ తేదీన, షికాగో నగరము తగులబడ నారంభించిన నాడే, మిషిగన్‌లో హాలండ్, మనిస్టీ పట్టణములును కాలినవి. పొరుగున విస్కాన్సిన్ రాష్ట్రములోని పెష్టిగో ప్రాంతమున ఆనాడే 1,000 మందికి పైగా మరణించిరి.

చెట్లుపోయిన నేల వట్టి ఇసుక. సేద్యమునకు కొఱగాలేదు. కొన్నవారు పన్ను కట్టలేక విడిచిపోగా ఎకరములకు ఎకరములు ప్రభుత్వమునకు వచ్చిపడెను. 1903లో ఆ ప్రాంతముననే తొలి అటవీ రక్షితభూములను ఏర్పరచిరి. 1933 మొదలు 1942 వఱకు, పనిలేని యువకులతో ఏర్పడిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అను దళములు కోట్లకొలది మొక్కలు నాటెను. మేము చూచిన వరుసల వంటివి అట్లే పుట్టినవి. ఎవరికిని అక్కఱలేని మోడుల నేల నేడు సుమారు 40 లక్షల ఎకరముల ప్రజారణ్యము.

పాత అడవి ఎట్లుండెడిదో చూడవలెనన్న, గ్రేలింగ్ చెంతనే హార్ట్‌విక్ పైన్స్ అను వనము కలదు. మొదటి ప్రపంచయుద్ధమున మరణించిన భర్త జ్ఞాపకార్థము ఒక స్త్రీ 1927లో దానిని రాష్ట్రమునకు దానమిచ్చెను. గొడ్డలి తగులని పాత చెట్లు నేడు అందు 49 ఎకరములు మాత్రమే మిగిలినవి. ఆ చెట్లక్రింద నిలిచి పైకి చూచితిమి. మెడ నొచ్చినదిగాని కొన కానరాలేదు.

అగ్నికిని ఆ అడవికిని గల చుట్టరికము విచిత్రమైనది. జాక్ పైను అను చెట్టు కాయలు జిగురుతో మూసికొనియుండి, వేడి తగిలినగాని విచ్చుకొని గింజలు రాల్పవు. కర్ట్‌లాండ్ వార్బ్లర్ అను పిట్ట, కాలిన నేలమీద మొలచిన లేత జాక్ పైనుల క్రిందనే నేలపై గూడు కట్టును. మంటలను పూర్తిగా ఆర్పుట నేర్చిన పిమ్మట దానికి చోటు కరవైనది. 1974లోను, మరల 1987లోను కూయు మగపిట్టలు 167 మాత్రమే లెక్కకు వచ్చెను. అటవీశాఖవారు ఏటేట లేతవనములను దానికై నాటుచు వచ్చిరి. 2019లో అది అంతరించు జాతుల పట్టికనుండి తొలగింపబడినది.

ఆష్ వృక్షమునకు అట్టి అదృష్టము పట్టలేదు. మా అల్లుని పెరటిలో ఎండుకట్టెలు కుప్పగా నుండగా, వానిని ముట్టక, విడిదికి చేరువగా నున్న గ్రామమున డబ్బిచ్చి వంటచెరకు కొనెను. ఎందులకని అడిగితిమి. ఆసియానుండి, బహుశః సరకుల చెక్కపెట్టెలలో చేరి వచ్చిన ఒక ఆకుపచ్చని పెంకుపురుగును 2002లో డెట్రాయిట్ ప్రాంతమున గుర్తించిరి. దాని పిల్లపురుగులు బెరడుక్రింద మెలికలుగా తొలిచి చెట్టునకు ఆహారమందకుండ చేయును. పురుగు తనంత తాను ఏడాదికి కొద్దిమైళ్లే పోగలదు. మనిషి కారులో వేసికొనిన కట్టెల మోపులో వందలమైళ్లు పోవును. కోట్లకొలది చెట్లు అట్లు చచ్చినవి. అనిషినాబే ప్రజలు నల్ల ఆష్ దుంగను సుత్తెతో మోది, ఏటేటి పొరలను పట్టీలుగా ఊడదీసి బుట్టలల్లుదురు. తల్లులు బిడ్డలకు నేర్పు విద్య అది. చెట్టే లేనిచో ఏమి నేర్పుదురు? కొందఱు విత్తనములు సేకరించి దాచుచున్నారు. మగ్గములున్న ఇండ్లనుండి వచ్చిన పిల్లలు మీలో గలరు. నూలే పుట్టని లోకమును ఊహించుకొన్నచో వారి దుఃఖము మీకు తెలియును.

మేము తిరిగి వచ్చిన పిమ్మట, 2025 మార్చి చివర, ఆ ఉత్తరభాగమున మంచువాన కురిసినది. కొమ్మలపై నీరు గడ్డకట్టి, బరువునకు చెట్లు విరిగినవి. దెబ్బతిన్న అడవి సుమారు 30 లక్షల ఎకరములని అంచనా. విరిగిన చెట్లను తొలగించువఱకు పెక్కు విడుదులను మూసివేసిరి. ఎండిన తుక్కు మరల నేలమీద పడియున్నది. 1871 నాటి కథ ఎరిగినవారికి ఆ భయమెట్టిదో చెప్పనక్కఱలేదు.

జాక్ పైను కాయను తెచ్చితిరా యని ముందు వరుసలోని బాలుడొకడు ఇందాకనే అడిగెను. తేలేదు నాయనా. కాయలో ఏ పురుగున్నదో ఎవరికి తెలియును? నల్లబల్లమీద బొమ్మ వేసి చూపుదుము. ఎవరైన సుద్దముక్క అందుకొనుడు.