మూర్ మార్కెట్టు పాత పుస్తకములు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



చెన్నపట్టణమున సెంట్రల్ స్టేషను ప్రక్కన నుండిన మూర్ మార్కెట్టును గూర్చి, దాని చుట్టునున్న పార్కును గూర్చి నేడు ముచ్చటించుకొందము. మనలో నడివయసు దాటినవారికి ఆ పేరే చాలును.

1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్ దొర పూనికతో పీపుల్స్ పార్కు వెలసినది. చెరువులు, బ్యాండు మేళము, జంతుప్రదర్శనశాల అన్నియు అచ్చటనే. బ్రాడ్వే వీధి వర్తకుల కొరకు 1898లో పునాది వేసి 1900లో తెరచిన ఎఱ్ఱయిటుకల కట్టడమే మూర్ మార్కెట్టు. చిలుకలు, పావురములు, గ్రామఫోను రికార్డులు, పాత గడియారములు అన్నియు దొరకెడివి. చెప్పిన వెలలో సగమునకు బేరమాడనివానిని అమాయకునిగా నెంచెడివారు. వెలుపల పామునకు ముంగిసకు పోరు చూపెదనని గంటసేపు నిలువబెట్టి, తుదకు తాయెత్తులమ్మి పంపెడి గారడీవాడు! ఆ పోరును కన్నులార చూచినవారు ఇంతవరకు మాకు తారసపడలేదు.

ఆ పార్కు నేలలోనిదే విక్టోరియా హాలు. 1883లో దానికి శంకుస్థాపన చేసినవారు విజయనగర ప్రభువు ఆనందగజపతి. 1891లో బళ్ళారినుండి ధర్మవరం కృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభ వచ్చి అందు తెలుగు నాటకములాడగా, చూచి ఉత్సాహపడి, పమ్మల్ సంబంధ మొదలియారు మిత్రులతో గూడి అదే యేట సుగుణ విలాస సభను స్థాపించెను. ఈ సంగతిని తమిళులు దాచలేదు. మరచినవారము మనమే.

అయినను మన మనసు తగులుకొనునది పాత పుస్తకముల అంగళ్లయందే. ఆ గుట్టలలో తెలుగు గ్రంథములును ఉండెడివి. అవి ఎచ్చటనుండి వచ్చినవి? మనవంటి యిండ్లనుండియే. తాత చదివిన భారతమును మనుమడు కూడబలుకుకొనియైనను చదువలేనినాడు, అది అటుకనుండి దిగి తూకమునకు పోయెడిది. ఒక్కొక్కప్పుడు మరియొక తెలుగువాడే దానిని కొని, దుమ్ము దులిపి, యింటికి తెచ్చుకొనెడివాడు.

1985 మే 30న ఆ మార్కెట్టు కాలిపోయినది. నేడచ్చట రైల్వేవారి కట్టడమున్నది. పాత భవనపు చిన్న నమూనా యొకటి నిలిపినారు. వర్తకులకు అల్లిక్కుళము వద్ద చోటిచ్చిరి. జంతువులు వండలూరు చేరినవి.

ఇప్పుడు మన యటుకలమీది పుస్తకము తూకమునకు పోయినచో మరియొక తెలుగువాని చేత పడుట అరుదు. నేరుగా కాగితపు మిల్లునకు పోవును. కావున సభ్యులు తీసివేయదలచిన పుస్తకములను ముందుగా సంఘపు గదికి తెచ్చి చూపవలెనని కోరుచున్నాము. చినిగినవైనను సరియే. అట్టలోపల పూర్వుల పేరు, తేదీ వ్రాసియున్న పుట యుండినచో దానిని మాత్రము చింపవలదు.