గుడియాత్తం దారి నుంచి సహాయ విమానం దాకా



మనం కూడుకున్న ఈ వేలూరులో 1900లో డాక్టర్ ఐడా స్కడర్ ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. ఆసుపత్రి కట్టాక కూడా రోగులే రావాలని ఆమె కూర్చోలేదు. గుడియాత్తం దారిలో, చెట్ల కింద ఆగి పల్లె జనాన్ని చూశారు. మొదట ఎద్దుబండి, తరువాత మోటారు కారు. మందు ఉన్నా మనిషికి చేరకపోతే లేనట్టే కదా!

దక్షిణ సూడాన్, కాంగో లాంటి దేశాల్లో వానలకు రోడ్లు మునుగుతాయి. మిగిలిన దారుల్లో తుపాకులుంటాయి. ఆనాడు ఇక్కడ ఆ బండి చేసిన పని ఈనాడు అక్కడ చిన్న విమానం చేస్తోంది. దాన్ని నడపాలని మీలో కొందరికి ఆశ. దారులు మూడున్నాయి.

మొదటిది సైన్యం. శాంతి పరిరక్షణ దళాల సైనిక విమానాలను, హెలికాప్టర్లను సభ్య దేశాలే పంపుతాయి. మన వైమానిక దళం కాంగోలో అలా పనిచేసింది. ఇంటర్ తరువాత ఎన్‌డీఏ, డిగ్రీ తరువాత ఆఫ్‌క్యాట్ పరీక్షలున్నాయి. ఎవరిని ఎక్కడికి పంపాలో దళమే నిర్ణయిస్తుంది.

రెండోది, ప్రపంచ ఆహార కార్యక్రమం నడిపే ఐక్యరాజ్యసమితి మానవతా విమాన సేవ. ఇది విమానాలను ప్రైవేటు కంపెనీల దగ్గర పైలట్లతో సహా అద్దెకు తీసుకుంటుంది. కాబట్టి ఉద్యోగం వెతకవలసింది ఆ కంపెనీల్లో.

మూడోది, 1945లో పుట్టిన మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్. చెల్లెమ్మలూ వినండి, దాని తొలి పైలట్ ఒక స్త్రీ, బెట్టీ గ్రీన్. అక్కడ పనిచేసేవారిలో చాలామందికి సంఘాలు, మిత్రులు ఇచ్చే కానుకలే జీవనాధారం.

ఒక నిజం చెప్పాలి. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు కనీసం 200 గంటలు ఎగరాలి. ఆ 200 గంటలతోనే సహాయ విమానం చేతికివ్వరు. పొట్టి మట్టి రన్‌వే మీద దిగడానికి ఏళ్ల అనుభవం కావాలి. ముందు శిక్షకులుగానో, చిన్న కంపెనీల్లోనో గంటలు పెంచుకోవాలి. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం ఉండాలి. ఫీజు కట్టకముందే డీజీసీఏ మెడికల్ పరీక్ష చేయించుకోండి. ఐక్యరాజ్యసమితి ఉద్యోగానికి ఏ దశలోనూ డబ్బు అడగదు. అడిగినవాడు మోసగాడే.

ఇక అసలు ప్రశ్న. ఈ శిక్షణకు లక్షలకు లక్షలు కావాలి. కూలివాళ్ల బిడ్డ ఎక్కడ తెస్తుంది? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. ఆ హోదాతో వచ్చే సీటు అడిగే హక్కూ లేదు. ఆ పోరాటం సాగాల్సిందే. అది తేలేదాకా బిడ్డల వయసు ఆగదు.

మంచి సమరయుడు జాలిపడి ఊరుకోలేదు. గాయపడినవాణ్ణి తన వాహనం ఎక్కించాడు, ఖర్చూ తానే పెట్టుకున్నాడు. గోపురాలకు లక్షలు పోగుచేసే మన సంఘాలు కలిసి ఏటా ఒక్క పేద బిడ్డ శిక్షణకు పోగుచేయలేవా? పైలట్ కాలేనివారిని విమాన మెకానిక్ చదువుకు పంపలేవా? మెకానిక్ లేకుండా ఏ విమానమూ లేవదు.

మీ సంఘంలో ఎంపీసీ చదివే పిల్లలెవరో ఈ ఆదివారమే కనుక్కోండి. వచ్చే కమిటీ మీటింగులో వాళ్ల పేర్లు చదివించండి.