చెప్పిన మాట చెప్పినట్టుగా



మా దాజీ పేటలో ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. పిల్లలు ఒకే వాక్యంలో రెండింటినీ కలిపేస్తారు. రెండు భాషల్లోనూ పాఠం చెప్పే ఉపాధ్యాయినిగా నేనది రోజూ వింటుంటాను. ఈవేళ ఒక బరువైన విషయం గురించి మీతో మాట్లాడదలిచాను. పసిపిల్లల మీద జరిగే లైంగిక అత్యాచారాల కేసులు అప్పీలుకు వెళ్ళినప్పుడు ఏం జరుగుతుంది?

కింది కోర్టులో శిక్ష పడగానే ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. ఇంతలో ముద్దాయి అప్పీలు చేశాడని తెలుస్తుంది. "మళ్ళీ మొదటికొచ్చిందా, పిల్లను మళ్ళీ బోనెక్కిస్తారా" అని తల్లి బెంగపడుతుంది. అమ్మా, సాధారణంగా అలా జరగదు. పై కోర్టు సాక్షులను మళ్ళీ పిలవదు, రాసి ఉన్న కాగితాలను చదువుతుంది. మన షోలాపూర్ జిల్లా అప్పీళ్ళు 2025 ఆగస్టు 18 నుంచి కొల్హాపూర్‌లోని బొంబాయి హైకోర్టు సర్క్యూట్ బెంచికి వెళ్తున్నాయి. అక్కడ మీ పాప కనిపించదు. పాప చెప్పగా రాసుకున్న మాటే కనిపిస్తుంది.

ఆ మాటకెంత విలువుందో నాగపూర్ కేసు చెబుతుంది. 2016 డిసెంబరులో ఒకడు పన్నెండేళ్ళ బాలికకు జామకాయ ఇస్తానని ఆశపెట్టి ఇంట్లోకి తీసుకుపోయి అసభ్యంగా ప్రవర్తించాడు. తల్లి వెతుక్కుంటూ వెళ్ళి బిడ్డను కాపాడుకుంది. ఆ రోజే పోలీసులకు ఫిర్యాదు చేసింది. 2020 ఫిబ్రవరిలో కింది కోర్టు పోక్సో చట్టం కింద మూడేళ్ళ శిక్ష వేసింది. ముద్దాయి అప్పీలు చేశాడు. 2021 జనవరి 19న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, బట్టల మీదుగా తాకాడు కాబట్టి, చర్మానికి చర్మం తగలలేదు కాబట్టి, ఇది పోక్సోలోని లైంగిక దాడి కాదని తేల్చింది. అప్పటి భారత శిక్షాస్మృతి కింద ఏడాది శిక్షతో సరిపెట్టింది.

దేశం నివ్వెరపోయింది. అటార్నీ జనరల్ వేణుగోపాల్ గారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. మహారాష్ట్ర ప్రభుత్వం, జాతీయ మహిళా కమిషన్ కూడా అప్పీలు చేశాయి. చేతికి తొడుగు వేసుకున్నవాడు తప్పించుకుపోడా అని అటార్నీ జనరల్ అడిగారు. 2021 నవంబరు 18న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును కొట్టివేసి, మూడేళ్ళ శిక్షను నిలబెట్టింది. చట్టం చూడవలసింది దుర్బుద్ధిని, చర్మాన్ని కాదని చెప్పింది.

చూశారా, అంత పెద్ద వాదం "తాకడం" అనే ఒక్క మాట చుట్టూ నడిచింది. అయితే ఏం జరిగిందన్నది మొదటి రోజునే కాగితం మీదికి ఎక్కింది. ఆ తల్లి వారం రోజులు పరువు గురించి ఆలోచిస్తూ కూర్చుని ఉంటే?

ఇక మన సంగతికి వద్దాం. మన పిల్ల భయంతో ఉన్నప్పుడు నోట వచ్చేది తెలుగే. "పట్టుకుని నొక్కాడు" అంటుంది. పక్కనున్న పెద్దమనిషి మరాఠీలో "హాత్ లావలా" అని చెప్పేస్తాడు. అంటే చెయ్యి తగిలించాడని. పిల్ల చెప్పిన నేరం సగానికి తగ్గిపోయింది! ఆ మాటే కాగితం మీద నిలిచిపోతే, ఏళ్ళ తర్వాత అప్పీలులో దాన్ని సరిదిద్దుకోవడం బహు కష్టం.

దీనికి చట్టంలోనే విరుగుడు ఉంది. 2012 పోక్సో చట్టం 26వ సెక్షన్ ప్రకారం, పిల్లలు చెప్పింది చెప్పినట్టుగా, తల్లిదండ్రుల ఎదుటగానీ పిల్లలు నమ్మిన మనిషి ఎదుటగానీ రాసుకోవాలి. అవసరమైతే అనువాదకుని సాయం తీసుకోవచ్చు. కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా 38వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇచ్చింది. జిల్లా బాలల సంరక్షణ విభాగం దగ్గర అనువాదకుల జాబితా ఉండాలని 2020 నియమాలు చెబుతున్నాయి. కాబట్టి "మా పిల్ల తెలుగులో చెబుతుంది, తెలుగు తెలిసినవారిని పిలిపించండి" అని అడగండి. అడగడం తప్పు కాదు.

బీడీలు చుట్టే అక్కలారా, మగ్గం మీద పనిచేసే అన్నలారా, మరి రెండు మాటలు. పిల్ల చెబుతుంటే మధ్యలో మాటలు అందించకండి. మీరు నేర్పిన మాట అప్పీలులో పిల్లకే ఎదురు తిరుగుతుంది. బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ ఉజ్జాయింపుగా రాయించకండి. వయసు దగ్గర తగవు వస్తే ఆ రిజిస్టరే సాక్ష్యం. నేరం తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం శిక్షార్హం. మా ఉపాధ్యాయులకూ అది వర్తిస్తుంది.

అప్పీలు ముద్దాయికి మాత్రమే ఉన్న హక్కు కాదు. ముద్దాయిని విడిచిపెట్టినా, చిన్న నేరం కింద శిక్షించి సరిపెట్టినా, బాధితుల తరఫున కూడా అప్పీలు చేయవచ్చు. 2009 నుంచి చట్టం ఆ దారి తెరిచింది.

ఆపదలో 1098కి గానీ, 112కి గానీ ఫోను చేయండి. అన్నిటికంటే ముందు మీ పాప చెప్పేది మీరు వినండి. ఏ పై కోర్టుకైనా ఆ మాట అక్కడి నుంచే బయలుదేరాలి.

సెలవు.