గొంతుతో సహా పాట

జానపద గేయాలు సేకరించేవాళ్లం ఇంతమందిమి ఒకచోట కూడాం గనుక, మరో జాతి తన పాటలను ఎలా దక్కించుకుందో ఈ రోజు మీతో చెప్పుకోవాలనిపించింది.

1948 వేసవి. న్యూయార్క్‌లో బ్రాడ్‌వే మీద హోటల్ మార్సెయిల్స్. నాజీల మారణకాండ నుంచి ప్రాణాలతో బయటపడి ఐరోపా నుంచి వచ్చిన యూదులకు అక్కడ తాత్కాలికంగా వసతి కల్పించారు. బెన్ స్టోన్‌హిల్ అనే ఆయన, సన్నని తీగ మీద శబ్దాన్ని ముద్రించే రికార్డరును మోసుకుని అక్కడికి వెళ్లేవారు. ఆయన ఆచార్యులు కారు, ఇళ్లలో తివాచీలు పరిచే పని చేసుకునేవారు. హోటల్ లాబీలో యంత్రం పెట్టి పాడమని అడిగితే పిల్లలూ పెద్దలూ చుట్టూ చేరారు. ఆ ఒక్క వేసవిలో వెయ్యికి పైగా పాటలు ఆ తీగ మీదికెక్కాయి. ప్రేమ పాటలు, లాలిపాటలు, నిర్బంధ శిబిరాల్లో పుట్టిన పాటలు. వెనకాల లాబీ సందడి కూడా వినిపిస్తుంది. హతులైన అరవై లక్షలమందిలో అత్యధికులు తూర్పు ఐరోపా యూదుల భాష అయిన యిడ్డిష్ మాట్లాడేవారు. ఆ పాటలు పుట్టిన ఊళ్లకు వెళ్లి అడుగుదామంటే పాడేవాళ్లు మిగల్లేదు. అందుకే ఆ లాబీయే ఊరయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో జానపద సంగీతం మళ్లీ వెల్లువెత్తింది. 1950లో వీవర్స్ బృందం పాడిన ‘త్సేనా త్సేనా’ దేశమంతా మారుమోగింది. 1960లో జోన్ బయెజ్ తన తొలి ఆల్బమ్‌లో ‘డోనా డోనా’ పాడారు. రెండూ యూదుల జానపద గీతాలుగా లోకానికి తెలిశాయి. నిజానికి మొదటిది 1941లో ఇసాకర్ మిరాన్ స్వరపరచిన హీబ్రూ పాట. రెండోది యిడ్డిష్ నాటకం కోసం ఆరన్ జైట్లిన్ రాయగా షోలమ్ సెకుండా బాణీ కట్టినది. మంచి పాటలే, నాకూ ఇష్టమే. కానీ వేదిక మీద వెలిగింది ఒకటి, వంటింట్లో మిగిలింది మరొకటి.

ఆ వంటింటి పాట కోసం తిరిగిన మనిషి రూత్ రూబిన్. 1940ల నుంచి 1960ల దాకా న్యూయార్క్‌లో, మాంట్రియల్‌లో, టొరంటోలో వలస వచ్చిన వృద్ధుల పక్కన కూర్చుని పాడించుకున్నారు. కుట్టుపని అమ్మాయిల పాటలు, రష్యా జారు సైన్యంలోకి బలవంతంగా లాక్కుపోయిన కుర్రవాళ్ల పాటలు, తల్లుల జోలలు. హీబ్రూ శాస్త్రచదువు మగవాళ్లదైన సమాజంలో ఆడవాళ్ల మనసు పలికింది యిడ్డిష్ పాటలోనే. రూబిన్ తానూ గాయనే. 1957లో జానపద గాయకుడు పీట్ సీగర్ బాంజో సహకారంతో పిల్లల పాటల రికార్డు చేశారు. 1963లో యిడ్డిష్ పాటల మీద పెద్ద గ్రంథం వెలువరించారు. అయినా ఆమె చేసిన అన్నిటికన్నా గొప్ప పని, ఆ వృద్ధుల గొంతులను వాళ్ల గొంతులుగానే ఫోక్‌వేస్ అనే రికార్డుల సంస్థ ద్వారా రికార్డుకెక్కించడం అని నా అభిప్రాయం. ఫోక్‌వేస్ స్థాపకుడు మోజెస్ ఆష్, యిడ్డిష్ నవలాకారుడు షోలమ్ ఆష్ కుమారుడు. అమ్ముడుపోయినా పోకపోయినా ఏ రికార్డునూ జాబితా నుంచి తీసేయకూడదన్నది ఆయన పట్టుదల.

మన దగ్గర 1950లలోనే బిరుదురాజు రామరాజుగారు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి దారి వేశారు. అక్షరరూపంలో పాట మనకుంది. గొంతు సంగతే నా దిగులు.

నా తొలి రికార్డింగుల్లో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. టేపు ఖరీదు తలచుకుని, పాట ముగియగానే మీట నొక్కేవాణ్ణి. ఆ వెంటనే, పాడిన అవ్వ చెప్పిన మాటలు, ఆ పాట ఎవరు నేర్పారో, ఎప్పుడు పాడుకునేవారో, అన్నీ పోయాయి. ఇప్పుడు ఆమె లేదు. స్టోన్‌హిల్ రికార్డింగులు విన్నప్పుడల్లా ఆ తప్పే గుర్తొస్తుంది.

మిత్రులారా, మీ అటకల మీద పాత కాసెట్లూ స్పూలు టేపులూ ఉన్నాయని నాకు తెలుసు. వాటి మీది పూత ఏటేటా రాలిపోతోంది. ఇంటికి వెళ్లగానే వాటిని దించండి, డిజిటల్‌లోకి మార్పించండి. పాడినామె పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ ఒక కాగితం మీద రాసి టేపుతో పాటు పెట్టండి. వచ్చే సభకు పత్రాలతో పాటు ఆ గొంతులను కూడా తీసుకురండి.