బర్మా దారి నడిచిన మామ్మ

యుద్ధము ఆంధ్ర తీరమునకు వచ్చిన దినము 1942 ఏప్రిల్ 6 అని చెప్పుదురు. నాడు జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. కాని కోనసీమలోని కొన్ని గడపలకు యుద్ధము అంతకు మూడు నెలలు ముందే వచ్చినది. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడినవి. ఆ రేవున బస్తాలు మోయువారిలోను, బియ్యపు మిల్లులలోను, వీధులూడ్చువారిలోను తెలుగువారు మెండు. మేస్త్రీల వద్ద బయానా పుచ్చుకొని కాకినాడలో ఓడనెక్కినవారు వారు. గోదావరి ముఖమందలి కోరంగి రేవు పేరిట వారిని అచ్చట ‘కోరంగీలు’ అనెడివారు.

1995లో మేము సువార్త పనిమీద రాజోలు ప్రాంతమున తిరుగుచు, కాలువగట్టున నొక తాటాకింటిలో అట్టి కుటుంబపు మామ్మను చూచితిమి. 1942లో ఆమెకు పదమూడేండ్లు. ఓడలో చోటు దొరకక, తల్లితోను చంటి తమ్మునితోను అరకాను కొండలు దాటి చిట్టగాంగు చేరినదట. ఆ యేడు బర్మా విడిచిన భారతీయులు సుమారు 5 లక్షలు, అత్యధికులు నడిచినవారే. కలరా, మలేరియా, ఆకలి వేలకొలది జనమును దారిలోనే పొట్టను బెట్టుకొన్నవి.

జపానువారిపై ఆమెకు కోపము లేదా అని అడిగితిమి. ఇప్పుడు తలచిన ఎంత తెలివితక్కువ ప్రశ్న!

“జపానోణ్ణి నేను చూడలేదండీ అయ్యగారూ. చూసింది దారేనండి” అన్నది. కొంతసేపు వత్తులు చేసికొనుచుండి, తానే మరల నందుకొన్నది. “తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయండి. మూడో రోజున అమ్మ వాణ్ణి చెట్టుకింద పడుకోబెట్టి ఆకులు కప్పింది. నన్ను వెనక్కి చూడనివ్వలేదు. అప్పటికి వాడికి ఊపిరుందో లేదో అమ్మ చెప్పలేదండి. నేను అడగలేదు.”

ఆ తల్లి తరువాత ముప్పదేండ్లు ఆ యింటనే జీవించినదట. ఇద్దరును ఒక్క కంచములో తిన్నవారే. ఆ మాట మాత్రము ఎన్నడును రాలేదు.

“మీరు చదువుకున్నోరు. నేను అడగాల్సిందంటారా అండీ?”

ఓదార్పు వాక్యములు మాకు కంఠస్థములు. గ్రంథము తెరచితిమి, చదువలేక మూసితిమి. తెలియదంటిమి. ఆమె తల యూపి, మనుమని పిలిచి మాకు బొండము కొట్టించినది.

పొద్దు గ్రుంకినది. మేము లేచితిమి. “గట్టు జారుతుందండి, చూసి నడవండి” అనుచు, మేము రేవు దాటువరకు లాంతరు పట్టుకొని నిలిచినది.