అసిస్టెంట్ కోచ్ సెలక్షన్: ఫ్యాన్స్ మాట ఎంతవరకు కరెక్ట్?

ఇవాళ్టి ఎపిసోడ్ అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ గురించి. ముందే చెప్పేస్తున్నా, ఇది మెస్సీ, రొనాల్డో ఆడే ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడ ఎం.ఎస్. చేస్తున్న మీ ఫ్రెండ్స్ శనివారం వచ్చిందంటే స్టేడియం నుంచి స్టోరీలు పెడుతుంటారు కదా, అదే.

కాలేజ్ టీమే కదా అని తక్కువ అంచనా వేయకండి. అయోవా యూనివర్సిటీ కినిక్ స్టేడియంలో దాదాపు 69 వేల మంది పడతారు. లూసియానా స్టేట్ యూనివర్సిటీ, అంటే ఎల్ఎస్‌యూ, వాళ్ల టైగర్ స్టేడియంలో లక్ష మందికి పైనే. అంతమంది ఫ్యాన్స్ ఉన్నచోట ప్రతి ఏడాది సీజన్ అయిపోగానే ఒక పెద్ద గొడవ మొదలవుతుంది. "అసిస్టెంట్ కోచ్‌గా ఎవర్ని తెస్తున్నారు? వీడెందుకు? వాడైతే బాగుండేది కదా?" అని.

ఈ గొడవలో ఫ్యాన్స్ మాటకి ఎంత విలువ ఇవ్వాలి అన్నదే ఇవాళ్టి టాపిక్. నా ఒపీనియన్ ముందే చెప్తా. నొప్పి ఎక్కడుందో ఫ్యాన్‌కి చాలా కరెక్ట్‌గా తెలుస్తుంది. మందు ఏంటో చెప్పడం దగ్గరే తేడా కొడుతుంది. ఎందుకో రెండు టీముల కథలతో చెప్తాను.

దానికి ముందు బేసిక్స్ ఒక నిమిషంలో చూద్దాం. క్రికెట్‌లో బ్యాటింగ్ కోచ్, బౌలింగ్ కోచ్ ఉన్నట్టే ఇక్కడ హెడ్ కోచ్ కింద చాలామంది ఉంటారు. వాళ్లలో ఇద్దరు ముఖ్యం. పాయింట్లు కొట్టే సైడ్‌ని చూసేవాడు అఫెన్సివ్ కోఆర్డినేటర్, ఆపే సైడ్‌ని చూసేవాడు డిఫెన్సివ్ కోఆర్డినేటర్. వీళ్ల కింద క్వార్టర్‌బ్యాక్ కోచ్, లైన్ కోచ్ ఇలా ఒక్కో పొజిషన్‌కి ఒకరు. కొన్నేళ్లు హెడ్ కోచ్ కాకుండా 10 మందికే గ్రౌండ్‌లో కోచింగ్ ఇచ్చే పర్మిషన్ ఉండేది. 2024లో ఆ రూల్ సడలించారు. ఇప్పుడు స్టాఫ్‌లో మిగతావాళ్లు కూడా ప్లేయర్లకి నేర్పొచ్చు. కానీ బయట ఊళ్లకి వెళ్లి హైస్కూల్ కుర్రాళ్లని రిక్రూట్ చేసే పని మాత్రం ఇప్పటికీ లిమిటెడ్ మందికే.

ఈ రిక్రూటింగ్ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఇక మొదటి కథ, అయోవా. అక్కడ హెడ్ కోచ్ కర్క్ ఫెరెంజ్. 1999 నుంచి ఆయనే. 2017లో ఆయన కొడుకు బ్రయాన్ ఫెరెంజ్ అఫెన్సివ్ కోఆర్డినేటర్ అయ్యాడు. నాన్న హెడ్ కోచ్, కొడుకు కోఆర్డినేటర్. యూనివర్సిటీ రూల్స్ ప్రకారం నాన్న కొడుక్కి బాస్‌గా ఉండకూడదు కాబట్టి, పేపర్ మీద కొడుకు రిపోర్ట్ చేసేది అథ్లెటిక్ డైరెక్టర్‌కి.

మొదట్లో బాగానే నడిచింది. 2022 వచ్చేసరికి అఫెన్స్ పూర్తిగా పడిపోయింది. మ్యాచ్‌కి యావరేజ్ 17.7 పాయింట్లు. మొత్తం యార్డుల లెక్కలో దేశంలోని 131 టీముల్లో 130వ స్థానం. కిందనుంచి సెకండ్ అన్నమాట. అయినా 8 మ్యాచ్‌లు గెలిచారు. ఎలా అంటే, డిఫెన్స్ అంత బాగుంది కాబట్టి. ఫ్యాన్స్‌కి మండింది అక్కడే. సగం టీమ్ టాప్ క్లాస్, సగం టీమ్ అట్టడుగు. "కొడుకు కాకపోతే ఈపాటికి పంపించేసేవాళ్లు" అన్నది ఫ్యాన్స్ వాదన.

2023 ఫిబ్రవరిలో యూనివర్సిటీ ఒక వింత పని చేసింది. బ్రయాన్ జీతం 9 లక్షల డాలర్ల నుంచి 8 లక్షల 50 వేలకి తగ్గించి, కాంట్రాక్ట్‌లో ఒక షరతు పెట్టింది. టీమ్ యావరేజ్ 25 పాయింట్లు ఉండాలి, కనీసం 7 మ్యాచ్‌లు గెలవాలి. 13 మ్యాచ్‌లు ఇంటూ 25 అంటే 325. ఇంకేముంది, ఫ్యాన్స్ ప్రతి వారం మ్యాచ్ చూడటం మానేసి 325కి ఇంకా ఎంత కావాలో లెక్కలేయడం మొదలుపెట్టారు. మ్యాచ్ గెలిచినా జోకే, ఓడినా జోకే.

ఇక్కడ నాలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ లేచి కూర్చుంటాడు. ఎందుకంటే ఆ 25 పాయింట్లలో డిఫెన్స్ కొట్టిన టచ్‌డౌన్లు కూడా కలుపుతారు! పక్క టీమ్ వాళ్లు ఫిక్స్ చేసిన బగ్‌లు నా అప్రైజల్‌లో వేసినట్టు. అఫెన్స్ బాగుపడకపోయినా డిఫెన్స్ రెండు బంతులు లాక్కుని పరిగెత్తితే టార్గెట్ దగ్గరపడుతుంది. ఏ పని బాగుపడాలో ఆ పనిని కొలవకుండా ఏదో ఒక నంబర్ పెడితే, ఆ నంబర్ తమాషాకే పనికొస్తుంది. మన ఆఫీసుల్లో ఇది అనుభవం ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు.

2023 అక్టోబర్‌లో మిన్నెసోటా చేతిలో 12-10తో ఓడారు. ఆ నెల 30న తాత్కాలిక అథ్లెటిక్ డైరెక్టర్ బెత్ గెట్జ్ ప్రకటించింది, ఈ సీజన్ తర్వాత బ్రయాన్ ఉండడని. అప్పటికి టీమ్ 6 గెలిచి 2 ఓడింది, అది గమనించండి. గెలుస్తున్న టీమ్ కోఆర్డినేటర్‌ని సీజన్ మధ్యలో పంపిస్తున్నట్టు చెప్పడం చిన్న విషయం కాదు. ఆ ఏడాది యావరేజ్ చివరికి 15.4 దగ్గర ఆగింది. అదే ఏడాది, అదే టీమ్ డిఫెన్సివ్ కోఆర్డినేటర్ ఫిల్ పార్కర్‌కి బ్రోయిల్స్ అవార్డ్ వచ్చింది. దేశంలో బెస్ట్ అసిస్టెంట్ కోచ్‌కి ఇచ్చే అవార్డ్ అది, 1996 నుంచి ఇస్తున్నారు. ఒకే స్టాఫ్ రూమ్, ఒకే ఏడాది. ఒకరికి దేశంలోనే బెస్ట్ అని అవార్డ్, ఇంకొకరికి ఎగ్జిట్.

మరి ఫ్యాన్స్ కరెక్టేనా? నొప్పి విషయంలో నూటికి నూరుపాళ్లు కరెక్ట్. కానీ మొత్తం తప్పు ఒక్క మనిషి మీద వేయడం దగ్గర కొంచెం ఆగాలి. ఆ సీజన్‌లో మెయిన్ క్వార్టర్‌బ్యాక్ కేడ్ మెక్‌నమారా ఐదో మ్యాచ్‌లోనే మోకాలి గాయంతో అవుట్. ముఖ్యమైన టైట్ ఎండ్‌లు కూడా గాయపడ్డారు. పైగా రిస్క్ తీసుకోకుండా, బంతి పోగొట్టుకోకుండా, డిఫెన్స్ మీద నమ్మకంతో ఆడటం అన్నది నాన్న దశాబ్దాలుగా నడుపుతున్న పద్ధతి. కొడుకు ప్లాన్‌లో నాన్న ఎంత, కొడుకు ఎంత అన్నది మనం టీవీలో చూసి విడదీయలేం.

సరే, బ్రయాన్ పోయాడు. ఇప్పుడు మందు సంగతి. 2024 జనవరిలో టిమ్ లెస్టర్‌ని తెచ్చారు. ఆయన రెజ్యూమె చూస్తే ఫ్యాన్‌కి హుషారొచ్చే రకం కాదు. వెస్టర్న్ మిచిగన్‌లో హెడ్ కోచ్‌గా 37 గెలిచి 32 ఓడి, 2022 చివర్లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తర్వాత ఒక ఏడాది గ్రీన్ బే ప్యాకర్స్‌లో అనలిస్ట్. "ఇంత వెతికి ఇతన్నా తెచ్చింది" అనిపించడం సహజం.

కానీ ఫలితం చూడండి. 2024లో అయోవా యావరేజ్ 27 దాటింది. రన్నింగ్ బ్యాక్ కేలెబ్ జాన్సన్ 1,537 యార్డులు పరిగెత్తి 21 టచ్‌డౌన్లు కొట్టాడు. అలాగని అంతా అద్భుతం అనను. పాసింగ్ బలహీనంగానే ఉంది, 8 గెలిచి 5 ఓడారు. అయినా ఒక మార్పు కళ్లముందు కనపడింది. ఎందుకు కుదిరిందంటే, అయోవా ఎప్పటినుంచో ఆడే జోన్ రన్ పద్ధతిని లెస్టర్ చెత్తబుట్టలో వేయలేదు. దానికి బంతి వదిలే ముందు ప్లేయర్లని అటూ ఇటూ కదిలించే మోషన్లు కలిపాడు. ఉన్న ప్లేయర్లకి, ఉన్న హెడ్ కోచ్‌కి అతికే మనిషి అన్నమాట. అతుకుతాడా లేదా అన్నది రెజ్యూమెలో కనపడదు.

ఇప్పుడు రెండో కథ, ఎల్ఎస్‌యూ. ఇది ఇంకా మజాగా ఉంటుంది. 2019 జనవరిలో హెడ్ కోచ్ ఎడ్ ఓర్జరాన్ జో బ్రేడీ అనే 29 ఏళ్ల కుర్రాడిని పాసింగ్ గేమ్ కోఆర్డినేటర్‌గా తెచ్చాడు. అప్పటిదాకా న్యూ ఓర్లీన్స్ సెయింట్స్‌లో కింది స్థాయి అసిస్టెంట్. బయట పెద్దగా ఎవరికీ తెలియని పేరు. అంతకుముందు ఏడాది క్వార్టర్‌బ్యాక్ జో బర్రో 16 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. 2019లో ఎన్నో తెలుసా? 60! టీమ్ 15 మ్యాచ్‌లకి 15 గెలిచి, ఫైనల్లో క్లెమ్సన్‌ని 42-25తో కొట్టి నేషనల్ ఛాంపియన్ అయింది. బ్రేడీకి బ్రోయిల్స్ అవార్డ్ వచ్చింది. ఫైనల్ అయిన కొద్ది రోజుల్లోనే ఎన్ఎఫ్ఎల్‌లో కరోలినా పాంథర్స్‌కి వెళ్లిపోయాడు. ఉన్నది ఒక్క సీజన్.

అదే సమయంలో డిఫెన్సివ్ కోఆర్డినేటర్ డేవ్ అరాండా బేలర్ యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. ఆ సీట్లోకి బో పెలీనీని తెచ్చారు. ఇది పేరున్న మనిషి. 2005 నుంచి 2007 దాకా అదే ఎల్ఎస్‌యూలో డిఫెన్స్ నడిపి, 2007 సీజన్ టైటిల్ గెలిచిన స్టాఫ్‌లో ఉన్నవాడు. తర్వాత నెబ్రాస్కాకి హెడ్ కోచ్. ఫ్యాన్ పాయింటాఫ్ వ్యూలో ఇంతకంటే సేఫ్ సెలక్షన్ ఏముంటుంది? మనవాడే, గెలిచి చూపించినవాడే.

2020 మొదటి మ్యాచ్‌లోనే మిసిసిపీ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ కె.జె. కాస్టెల్లో వాళ్ల మీద 623 యార్డులు పాస్ చేశాడు. ఆ కాన్ఫరెన్స్‌లో అది రికార్డ్. సీజన్ 5 గెలుపులు, 5 ఓటములతో ముగిసింది. పెలీనీని ఒక్క ఏడాదికే పంపించేశారు. పంపినందుకు కట్టాల్సిన సొమ్ము సుమారు 40 లక్షల డాలర్లు.

ఇక్కడ కూడా న్యాయంగా మాట్లాడుకుందాం. బ్రేడీ వచ్చినప్పుడు బర్రో, జస్టిన్ జెఫర్సన్, జమార్ చేజ్ లాంటి వాళ్లు ఆల్రెడీ టీమ్‌లో ఉన్నారు. వాళ్లకి సరిపోయే ఆట తెచ్చాడు, హెడ్ కోచ్ అడ్డుపడలేదు. పెలీనీ వచ్చేసరికి ఛాంపియన్ టీమ్ నుంచి 14 మంది ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో వెళ్లిపోయారు. కోవిడ్ వల్ల స్ప్రింగ్ ప్రాక్టీస్ మధ్యలోనే ఆగిపోయింది. ఆ పరిస్థితిలో డిఫెన్స్ పద్ధతిని కూడా మార్చేశారు. అంటే కొత్త సిస్టమ్, కొత్త కుర్రాళ్లు, నేర్పడానికి టైమ్ లేదు. పెద్ద పేరున్న మనిషి వచ్చాడని ఆ మూడు సమస్యలూ మాయం అవవు కదా.

ఇప్పుడు రిక్రూటింగ్ దగ్గరికి వద్దాం. ఈ మొత్తం గొడవలో ఎక్కువ పోగొట్టుకునేది ఎవరు? కోచ్‌కి బైఅవుట్ వస్తుంది. ఫ్యాన్‌కి వచ్చే సీజన్ ఉంటుంది. ప్లేయర్ సంగతేంటి? 17 ఏళ్ల కుర్రాడి ఇంటికి వచ్చి, హాల్లో కూర్చుని, వాళ్ల అమ్మతో "మీవాడిని నేను చూసుకుంటా" అని చెప్పేది చాలాసార్లు అసిస్టెంట్ కోచే. ఆ కుర్రాడు నమ్మేది యూనివర్సిటీ లోగో కంటే ముందు ఆ మనిషిని. ఆ కోచ్‌ని తీసేస్తే కొత్తాయన వస్తాడు, ప్లేబుక్ మారుతుంది, పిలిచే పేర్లు మారతాయి. నిన్నటిదాకా ఫస్ట్ ఛాయిస్ అయినవాడు కొత్త సిస్టమ్‌లో బెంచ్ మీద కూర్చోవచ్చు. 2021 నుంచి ట్రాన్స్‌ఫర్ ఈజీ అయింది కాబట్టి వేరే కాలేజ్‌కి వెళ్లొచ్చు, నిజమే. కానీ ఆడటానికి ఉన్నదే నాలుగైదు ఏళ్లు. అందులో ఒక ఏడాది కొత్త ఊళ్లో కొత్త భాష నేర్చుకోవడానికే పోతే, ఆ ఏడాది ఎవరూ తిరిగివ్వరు.

అందుకే "తీసేయండి" అన్నంత తేలిగ్గా "వాడిని తెచ్చేయండి" అనకూడదు అంటాను. అలాగని ఫ్యాన్ నోరు మూసుకుని కూర్చోవాలని కూడా అనను. టికెట్ కొనేది ఫ్యాన్, విరాళం ఇచ్చేది ఫ్యాన్. అయోవాలో ఫ్యాన్స్ అరవకపోతే, నాన్న టీమ్‌లో కొడుకు అఫెన్స్ ఇంకెన్నాళ్లు అలాగే సాగేదో ఎవరికి తెలుసు. అడిగే హక్కు ఉంది. ఏం అడుగుతున్నాం అన్నదే పాయింట్.

నేనైతే కొత్త అసిస్టెంట్ కోచ్ పేరు రాగానే నాలుగు విషయాలు చూస్తాను. ఒకటి, ఇప్పుడున్న ప్లేయర్లకి ఈయన ఆట సరిపోతుందా? రెండు, హెడ్ కోచ్ ఈయన్ని ఫ్రీగా పని చేయనిస్తాడా, లేక ఈయన మొహం, ఆయన ప్లానా? మూడు, ఇళ్లకి వెళ్లి కుర్రాళ్లని, తల్లిదండ్రులని ఒప్పించగలడా? నాలుగు, ఈయన బ్రేడీ లాగా ఏడాదికే వెళ్లిపోతే నేర్పింది మిగిలేలా కింద ఎవరైనా ఉన్నారా? ఎల్ఎస్‌యూ ఆ నాలుగోదాని దగ్గరే దెబ్బతింది. 2021 సీజన్‌తో హెడ్ కోచ్ ఓర్జరాన్ కూడా వెళ్లిపోయాడు. ఛాంపియన్ అయిన రెండేళ్లకే!

మీలో అమెరికాలో చదువుతున్నవాళ్లు, మీ యూనివర్సిటీకి ఈసారి కొత్త కోఆర్డినేటర్ వస్తే ఆయన పాత టీమ్ పేరు కాకుండా ఈ నాలుగు ప్రశ్నలు వేసి చూడండి. పక్కన కూర్చున్న అమెరికన్ ఫ్రెండ్ కూడా "నీకింత ఎలా తెలుసు" అని అడుగుతాడు, గ్యారంటీ. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ గురించే మాట్లాడుకుందాం. అప్పటిదాకా జాగ్రత్త, బై.