వేటగాని కోరిక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



నేడు నేను చెప్పబూనినది వేటను గూర్చి. పుస్తకముల పండుగలో వేటముచ్చట యేమని కొందరికి తోచవచ్చును. కాని మన బీరువాలలోని కావ్యములను తెరచి చూచినచో అడుగడుగున విల్లును, జాగిలములును, వలలును కనబడును.

ప్రతి వేటగాని మనస్సులో ఒక మృగ ముండును. చేతికి దొరకునది వేరు, మనసున నిలుచునది వేరు. ప్రొద్దుటూరి చేలలో ఒకప్పుడు కౌజులకు ఉచ్చులు పన్నినవారును, జమ్మలమడుగు వైపు ఎఱ్ఱమల గుట్టలలో కుందేళ్ల జాడ తీసినవారును రాత్రి అరుగుమీద చేరినప్పుడు చెప్పుకొన్నది కౌజు కథ గాదు, పులి కథ. పులివెందుల వారికి ఊరిపేరే ఆ కథ చెప్పును. పులిమందల యన్నదే పులివెందుల యయ్యెనని పెద్దల మాట. పులి ఒంటరిగా దిరుగు జంతువు గనుక మంద యన్నచోట నాకు కొంచెము సందేహమే. అయినను ఒక్క పులిని జూచినవాడు ఇంటికి వచ్చునప్పటికి మందను జేసి చెప్పుట వేటగాండ్ర లోకమున వింత కాదు.

ఈ కోరిక యెట్టిదో మన పూర్వులు బాగుగ నెఱుగుదురు. దశరథుని కథ చూడుడు. చీకటివేళ సరయూతీరమున ఆయన చెవిని బడినది కడవ నీట మునిగిన చప్పుడు మాత్రమే. దానిని ఏనుగు చప్పుడుగా జేసినది ఆయన కోరిక. బాణము విడిచిన పిదప గదా మునికుమారుని ఆర్తనాదము వినబడినది! చెవి తప్పు వినలేదు; మనసు ముందుగనే ఏనుగును నిలిపి యుంచినది.

ఇంకొక కథ మనకు మఱింత దగ్గరిది. కృష్ణదేవరాయలు అల్లసాని పెద్దనకు అగ్రహారముగా నొసగిన కోకటము మన కడప జిల్లాలోనిదే. ఆయన మనుచరిత్రకు మూలమైన మార్కండేయపురాణ కథలో స్వరోచి వేటకు వెడలి, ఒక అడవిపందికి గుఱిపెట్టును. అంతలో ఒక ఆడులేడి అడ్డువచ్చి, దానిని విడిచి నన్ను గొట్టుమని మనుష్యభాషలో వేడుకొనును. విచారింపగా ఆ లేడి వనదేవత. ఆమె వలననే మనువు జనించెను. స్వరోచి కోరి వెంటబడిన పంది యేమైనదో ఎవరికిని జ్ఞాపకముండదు. కోరని మృగము ఎదురై మాటాడుటయే కథ యయ్యెను.

తరువాతి కాలమున తెల్లదొరల వేట వచ్చెను. అందు కోరికకు కొలబద్ద ఏర్పడెను. లండనులో రోలండ్ వార్డ్ అను ఆయన 1892 మొదలుగ పెద్ద మృగముల కొలతల పుస్తకమును అచ్చువేయించెను. ఏ కృష్ణజింక కొమ్ము ఎన్ని అంగుళములు, ఏ పులి పొడవెంత యను లెక్కలు అందు చేరెను. ఇక మంచి జింక చాలదు, పుస్తకమున కెక్కు జింక కావలెను! పులిని గొలుచుటలో ఒక చమత్కార మున్నది. ముక్కు కొసను ఒక మేకు, తోక కొసను ఒక మేకు పాతి, నడుమ దూరము కొలుచుట ఒక పద్ధతి. టేపును వీపు వంపుల వెంబడి సాగదీసి కొలుచుట రెండవది. రెండవ పద్ధతిలో పులి కొన్ని అంగుళములు పెరుగును. గొలుసు వదులుగ పట్టిన పొలము కొలత వంటిదే యిదియు.

మన పొరుగున చిత్తూరు సీమ చామల లోయలో మనుష్యులను దినమరగిన పులి కథను బెంగుళూరి కెన్నెత్ ఆండర్సన్ 1954లో వెలువడిన తన గ్రంథమున జెప్పెను. అది ప్రాణరక్షణకై చేసిన వేట గనుక దానిని నేను తప్పుపట్టను. పుస్తకమున కెక్కుటకై, గోడకు తగిలించుటకై చేసిన వేట వేఱు. 1947లో మధ్యభారతమున కొరియా సంస్థానపు రాజు మూడు చీతాలను గాల్చెను. 1952లో ఆ జాతి మన దేశమున అంతరించినదని ప్రకటింపవలసి వచ్చెను. 2022లో ఆఫ్రికాలోని నమీబియా నుండి వానిని విమానమున తెప్పించుకొంటిమి. 1972 లెక్కలో దేశమున తేలిన పులులు 1,827. ఆ యేటనే వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను, మఱుసటి యేడు పులుల రక్షణ పథకము మొదలయ్యెను. 2022 అంచనాలో వాని సంఖ్య 3,682. చట్టము చేసిన మేలు ఆ అంకెలలో నున్నది.

ఇక్కడ రైతు సోదరులు అడుగబోవు ప్రశ్న నాకు తెలియును: వేరుసెనగ చేనిని రాత్రికి రాత్రి కుళ్లగించు పంది మాటేమి? ఆ బాధ నిజము. పరిహారమునకై అర్జీ పెట్టి తిరుగుటలోని విసుగును నిజమే. కాని పందికై పాఱించిన కరెంటు తీగకు పందియు, పసువును, మనిషియు ఒక్కటే. నీరు కట్టుటకు పోయిన రైతే దానికి బలియైన వార్తలు మీరును చదివితిరి. అందుచే తీగ వలదని నేను ఈ సభాముఖమున గట్టిగ చెప్పుచున్నాను.

ఇప్పుడు మన జిల్లాలో అన్నింటికంటె మిక్కిలి కోరబడిన ప్రాణి యేది? పులి గాదు. సిద్ధవటము ప్రాంతపు లంకమల చెంతనున్న కలివికోడి. కొండ గాదు, కోన గాదు, కలివి మొదలైన ముండ్లపొదల నడుమ బోడినేలపై రాత్రివేళ దిరుగు చిన్నపక్షి. రొమ్మున రెండు పట్టెలు దాని గుర్తు. జెర్డన్ అను వైద్యుడు 1848 ప్రాంతమున దానిని శాస్త్రలోకమునకు దెలిపెను. 1900 తరువాత ఎవరికిని కనబడలేదు, అంతరించినదనుకొనిరి. 1986లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు జెందిన భరత్ భూషణ్ దానిని మరల కనుగొనెను. పండితుడు ఎట్లు కనుగొనెను? బొమ్మ చూపి ఊరూర అడిగెను. రెడ్డిపల్లె దగ్గర రాత్రి దీపపు వెలుగున పిట్టలను పట్టుట యెఱిగిన గ్రామస్థు డొకడు దానిని పట్టి తెచ్చెను. శాస్త్రజ్ఞులు ఎనుబదియాఱేండ్లు ఎదురుచూచిన పక్షిని ఒక పల్లెటూరి వేటకాని నేర్పు తెచ్చి యిచ్చినది. పాపము, ఆ పక్షి మాత్రము చెఱలో బ్రతుకలేదు. దాని జాతికొఱకు లంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడినది, తెలుగుగంగ కాలువ సయితము త్రోవ మార్చుకొన్నది.

ఆ తరువాత దానిని వెదకిన విధము వినుడు. పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పఱచి, తెల్లవారిన పిమ్మట వంగి అడుగుజాడలు చూచిరి. మూడువ్రేళ్ల చిన్నజాడ కనబడిన చోట కెమెరా నమర్చిరి, సందెవేళ దాని కూతను వినిపించి బదులుకూతకు చెవియొగ్గిరి. జాడ తీయుట, గాలి వాలు చూచుట, కదలక కూర్చుండుట, కూత గుర్తుపట్టుట ఇవన్నియు మన గుట్టల వేటగాండ్ర విద్యలే. ఆ విద్య తెలిసిన వృద్ధులు మన మూడు తాలూకాలలో ఇంకను కొందఱున్నారు. వారు చెప్పు జాడల గుర్తులను, పిట్టల పేళ్లను, కూతలను వ్రాసికొని వచ్చు యువకులకు ఈ గ్రంథాలయము కాగితములును కలమును ఇచ్చునట్లు కార్యవర్గమువారు తీర్మానింపవలెనని కోరుచు సెలవు గైకొనుచున్నాను.